ప్రకృతి శాస్త్రమును చేతులతో నేర్పవలెను

మన సంఘ సభ్యులగు తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును, ముఖ్యముగా ఆదివారపు తెలుగు తరగతులకు పిల్లలను పంపుచున్న గృహస్థులకును మేము ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాము. దేవాలయ పత్రికలో ప్రకృతి శాస్త్ర ప్రసంగమేల యని కొందరు అనుకొనవచ్చును. పూజకు పువ్వు, తోరణమునకు ఆకు, పారాణికి పసుపు, పెండ్లికి పాలికలు, సంక్రాంతికి సూర్యుడు, ఇవన్నియు ప్రకృతియే గదా! వీనిని పండుగ పండుగకును చేతులార ముట్టుకొనుచున్న మన పిల్లలు, వీని స్వభావమును మాత్రము ఎక్కడనో ముద్రింపబడిన పుస్తకమునుండి కంఠస్థము చేయుచున్నారు. ఈ లోపమును తొలగించుట కష్టము కాదనియు, దానికి వలయు సాధనములు మన ఆలయ ప్రాంగణముననే యున్నవనియు మా యభిప్రాయము.

మేము ఈ మారిషస్ ద్వీపమునకు ఒడంబడిక కూలీలుగా వచ్చిన వారి సంతతివారము. మాలో కొందరు అర్చకులు, కొందరు ప్రాథమిక తరగతులకు చదువు చెప్పువారు. మేము శాస్త్రవేత్తలము కాము. కాని పిల్లల ముఖములు చూచుచు కాలము గడపినవారము గనుక, ఏది వారి మనస్సున నిలుచునో, ఏది పరీక్ష ముగిసిన మరునాడే జారిపోవునో కొంత యెరుగుదుము.

నేటి స్థితిని గమనింపుడు. 2017వ సంవత్సరమునుండి మన ప్రాథమిక పాఠశాలలలో పి.ఎస్.ఎ.సి. పరీక్ష జరుగుచున్నది. అందు ప్రకృతి శాస్త్రమునకును మార్కులు గలవు. ఆకు భాగములను వ్రాయుమనిన మన పిల్లవాడు తప్పులేకుండ వ్రాయును. చెరకు ఆకు నొకటి, మామిడి ఆకు నొకటి అతని చేతికిచ్చి, వీని ఈనెలలో నీకేమి భేదము కనబడుచున్నదని యడిగినచో నిలిచిపోవును. ఆ రెండు చెట్లును అతని యింటి గోడకావలనే యున్నవి.

ఇక ఇంటివద్ద చేసి తెమ్మని యిచ్చు 'ప్రాజెక్టు' అనునదొకటి గలదు. పేరు పిల్లవానిది, పని తల్లిది, ఖర్చు తండ్రిది. రాత్రి పది గంటలవరకు తల్లి కూర్చుండి, అంగడిలో కొన్న మెరుగు కాగితములతోడను జిగురుతోడను ఎండుటాకులను అట్టకు అంటించును. పిల్లవాడు నిద్రించుచుండును. మరునాడు ఆ అట్ట గోడకెక్కును. చూచుటకది బాగుండును, అంతే. ఆ యాకు ఏ చెట్టుదియో, ఎందులకు రాలినదో ఎవ్వరును అడుగరు. చేతిపని యను పేర జరుగు దీనిని మేము కోరుట లేదు.

చేతిపని శాస్త్రమగుటకు నాలుగు కావలెను. మొదట ప్రశ్న. పిదప 'ఇట్లు జరుగునని నేననుకొందును' అని పిల్లవాడు ముందుగా చెప్పు ఊహ. ఆ పిమ్మట చేసి, చూచి, కొలుచుట. కడపట చూచినది చూచినట్లు వ్రాయుట. ఊహ తప్పినను సిగ్గుపడ బనిలేదు. తప్పిన ఊహను దిద్దుకొనుటయే శాస్త్రము. ఈ నాలుగును ఉన్నచో కొబ్బరి యీనెయు శాస్త్ర పరికరమే యగును. ఇవి లేనిచో వేల రూపాయల పరికరమైనను ఆటబొమ్మయే.

ఇందులకు మన పండుగలనుండియే కొన్ని యుదాహరణములు చూపుదుము.

మొదట సూర్యుని సంగతి. ప్రాంగణమున ఎండ తగులు చదునైన చోట ఒక మీటరు కర్రను నిలువుగా పాతవలెను. దారమునకు రాయి కట్టి ప్రక్కన వ్రేలాడదీసినచో కర్ర ఒరిగినదో లేదో తెలియును. మన జ్యోతిష గ్రంథములందు దీనినే శంకువందురు. ఉదయము 11 గంటలు మొదలు మధ్యాహ్నము 1 గంట వరకు, పది నిమిషములకొకసారి, నీడ కొనయందు పిల్లలు ఒక్కొక్క గులకరాయి నుంచవలెను. ఆ రాళ్ళలో కర్రకు మిక్కిలి దగ్గరగా నున్నదే మిట్టమధ్యాహ్నపు గుర్తు. కర్ర మొదటినుండి ఆ రాతికి గీచిన గీతయే ఉత్తర దక్షిణ రేఖ. ఆ వేళ గడియారము సరిగా 12 గంటలు చూపదని పిల్లలు వెంటనే కనిపెట్టుదురు. మన గడియారములు 60 డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడచుచున్నవి. మన ద్వీపమో సుమారు 57½ డిగ్రీల వద్ద నున్నది. అందుచే సగటున పది నిమిషముల ఆలస్యము కలుగును. ఋతువును బట్టి ఇది కొంత పెరుగును, కొంత తగ్గును.

జూన్ 21వ తేదీ ప్రాంతమున ఈ మీటరు కర్ర నీడ మధ్యాహ్నము సుమారు 95 సెంటీమీటర్లుండి దక్షిణమునకు పడును. అనగా సూర్యుడు ఉత్తరమున నున్నాడన్నమాట. ఉత్తర దేశములవారు వ్రాసిన పుస్తకములందు మధ్యాహ్న సూర్యుడు దక్షిణమున నుండునని యుండును. అది వారి యూరికి నిజము. మన యూరికి, సంవత్సరములో సుమారు పది నెలలు, అది నిజము కాదు. నవంబరు 22 ప్రాంతమునను, మరల జనవరి 20 ప్రాంతమునను పోర్ట్ లూయిలో సూర్యుడు నడినెత్తికి వచ్చును. అప్పుడు నిలువు కర్రకు నీడయే యుండదు. ఆ రెండు తేదీల నడుమ నీడ ఉత్తరమునకు పడును. డిసెంబరు 21న అది ఆరు సెంటీమీటర్లకు మించదు. దీనిని పుస్తకములో చదివిన పిల్లవాడు మరచిపోవచ్చును. నీడ లేని కర్రను కన్నులార చూచినవాడు మరువడు.

మకర సంక్రాంతి మన పిల్లలకు గొప్ప పాఠము కాగలదు. ఉత్తరాయణమున సూర్యుడు ఉత్తరమునకు మరలుననియు, పగళ్ళు పొడుగగుననియు మనము చెప్పుచుందుము. ఆంధ్రదేశమున అట్లే జరుగును. ఇచ్చట సూర్యుడు మననుండి దూరముగా పోవుచుండును, పగళ్ళు కురుచయగుచుండును, చలికాలమునకు దారి యేర్పడును. తెలివిగల పిల్లవాడు ఈ భేదమును గుర్తించి యడిగినచో, 'నోరు మూసికొమ్ము' అని గద్దించుట పెద్దరికము గాదు. సూర్యుని గమనము ఒక్కటియే, చూచువాని స్థానము వేరని చెప్పవలెను. దీనివలన పుణ్యకాలమునకు లోపమేమియు లేదు.

చెప్పుటతో నిలువక చూపవలెను. ఒక నిమ్మపండునకు కొబ్బరి యీనెను ఈ చివరనుండి ఆ చివరకు గ్రుచ్చి, భూమి యనుకొనవలెను. నడిమికి పైన ఒక లవంగమును, క్రింద నొక లవంగమును గ్రుచ్చి, పైది కోరంగి యనియు, క్రిందిది మన ద్వీపమనియు చెప్పవలెను. చీకటి గదిలో ఒక దీపమును నడుమ నుంచి, ఈనెను కొంచెము వాల్చి, ఆ వాలు ఎప్పుడును ఒకే గోడవైపున నుండునట్లు పట్టుకొని దీపము చుట్టు తిరుగవలెను. ఒకవైపున నిలిచి పండును త్రిప్పినప్పుడు పై లవంగము ఎక్కువసేపు వెలుగులో నుండును. ఎదుటి వైపునకు వచ్చి త్రిప్పినప్పుడు క్రింది లవంగము ఎక్కువసేపు వెలుగులో నుండును. ఆంధ్రదేశమున వసంతముగా నుండు ఉగాది మనకు వేసవి చివర ఏల వచ్చుచున్నదో, మన మామిడికాపు నవంబరు, డిసెంబరు, జనవరి నెలలలో ఏల వచ్చుచున్నదో పిల్లవానికి అప్పుడు తెలియును.

ఇంకొక మెట్టు పైకి పోవచ్చును. మన పూర్వులలో పెక్కుమంది కోరంగి రేవునుండి వచ్చిరి. అందుచేతనే ఈ ద్వీపమున మనవారిని కోరంగీలని పిలిచిరి. సంక్రాంతినాడు మన పిల్లలు ఇచ్చట మీటరు కర్ర నీడను కొలిచినచో, అది ఉత్తరముగా సుమారు రెండు సెంటీమీటర్లుండును. కోరంగి ప్రాంతమున నున్న బంధువుల పిల్లలు అదేనాడు, వారి మిట్టమధ్యాహ్నమున, అట్టి కర్రనే కొలిచినచో నీడ ఉత్తరముగానే సుమారు 78 సెంటీమీటర్లుండును. ఈ రెంటిని కాగితముపై త్రిభుజములుగా గీచి కోణములను కొలిచినచో, ఇచ్చట ఒక డిగ్రీ, అచ్చట 38 డిగ్రీలు వచ్చును. భేదము 37 డిగ్రీలు. పటమును బట్టి చూడగా ఈ రెండు స్థలముల నడుమ ఉత్తర దక్షిణముల దూరము సుమారు 4,100 కిలోమీటర్లు. 37 డిగ్రీలకు ఇంత దూరమైనచో 360 డిగ్రీలకెంత? త్రైరాశికము తెలిసిన పిల్లవాడు సుమారు 40,000 కిలోమీటర్లని చెప్పగలడు. భూమి చుట్టుకొలత అదియే. నేడు క్షణములో సముద్రమావలికి మాటలాడుటకు ఫోనులున్నవి. కోరంగినుండి ఓడలో వచ్చినవారి మునిమనుమడు రెండు కర్రలతో భూమిని కొలిచినచో, అది ఆ పూర్వులకు తగిన తర్పణమని మేము తలంచుచున్నాము.

ఇక పారాణి. పసుపులో సున్నము కలిపిన ఎరుపగునని ప్రతి యింటి ఆడువారికిని తెలియును. ఎందుకగునని అడుగువారు తక్కువ. పసుపునందలి వర్ణద్రవ్యము క్షారము తగిలినపుడు ఎరుపెక్కును, ఆమ్లము తగిలినపుడు మరల పసుపుపచ్చకు తిరుగును. పసుపు నీటిలో తెల్ల కాగితమును ముంచి నీడలో ఎండబెట్టి, పట్టీలుగా కత్తిరించి పిల్లల కీయవలెను. సున్నపుతేట, సబ్బునీరు, నిమ్మరసము, చింతపండు పులుసు, బూడిద నీరు, చెరకురసము వరుసగా నుంచి, ఏది ఎరుపెక్కించునో ముందుగా చెప్పించి, పిమ్మట ముంచి చూపించవలెను. బూడిద నీరు కాగితమును ఎరుపెక్కించుట చూచి, పూర్వము బూడిదతో గిన్నెలేల తోమిరని ఒక పిల్ల యడిగినచో, ఆ తరగతి ఫలించినట్లే. ఎర్రమందార రేకులను వేడినీటిలో నూరి వడకట్టిన రసము ఇంకను వింత చూపును. పులుపు తగిలిన ఎరుపెక్కును, క్షారము తగిలిన ఆకుపచ్చగా మారును. ఆ రసములతో కాగితముపై పువ్వులు వ్రాసిన పిల్లకు చిత్రమును వచ్చును, శాస్త్రమును వచ్చును.

పెండ్లిలో అంకురార్పణమునకు పాలికలలో ధాన్యములు చల్లుదుము. అట్టి మట్టిమూకుళ్ళు రెండు తెచ్చి వడ్లు, గోధుమలు, పెసలు, మినుములు మొలిపించవలెను. వడ్లు, గోధుమలు ఒక్క ఆకుతో సూదివలె లేచును. పెసలు, మినుములు రెండు బద్దలుగా విడివడును. విత్తులోనే ఒక పప్పు గలవి, రెండు పప్పులు గలవి యని చెట్లలో రెండు పెద్ద తెగలున్నట్లు పిల్లలకు ఇట్లు తెలియును. ఇప్పుడు తోరణము కట్టునపుడు ఆకులను చూపవలెను. కాగితము క్రింద ఆకునుంచి పైన బొగ్గుతో మెల్లగా రుద్దినచో ఈనెలు అచ్చుపడును. చెరకు, కొబ్బరి, అరటి, దర్భ, ఇవి ఒక పప్పు తెగవి. వీని ఈనెలు వరుసగా ఒకదాని ప్రక్క నొకటి నడచును. మామిడి, రావి, పనస, తులసి, ఇవి రెండు పప్పుల తెగవి. వీని ఈనెలు వలవలె అల్లుకొనును. మొదట విత్తులో చూచిన భేదము ఆకులోను కనబడుట పిల్లలకు ఎంతయో ఆనందము కలిగించును.

ఒక మూకుడును వెలుతురులోను, రెండవదానిని పెట్టెక్రింద చీకటిలోను ఉంచి, వారముదినములు ప్రతి సాయంకాలము మొలక పొడవు కొలిపించవలెను. ఏది పొడుగుగా పెరుగునని ముందుగా నడిగినచో పిల్లలందరును వెలుతురులోనిదే యందురు. కొలిచినపుడు చీకటిలోనిదే పొడుగుగా నుండును. అయితే అది పాలిపోయి, బలములేక వ్రాలియుండును. వెలుతురు లేనిచో మొలకకు ఆకుపచ్చదనము పట్టదు. వెలుతురును వెదకుకొనుచు కాండము సాగిపోవును. పొడుగు వేరు, బలము వేరు అని మొలకయే చెప్పిన పాఠమిది.

మన తాతల చేతిలోని చెరకును మరువరాదు. డచ్చివారు 1639లో చెరకును ఈ ద్వీపమునకు తెచ్చిరి. దాని చుట్టునే మన చరిత్ర యల్లుకొన్నది. మూడు కన్నులు గల చెరకు ముక్క నొకదానిని, ఒక్కొక్క కన్ను గల ముక్కలు మూడింటిని తడిమట్టిలో నుంచి చూడవలెను. మూడు కన్నుల ముక్కలో పైకన్ను ముందు లేచి, క్రిందివానిని అణచియుంచును. విడిగా కోసిన ముక్కలలో ప్రతి కన్నును లేచుటకు సిద్ధపడును. కొనయందలి మొగ్గనుండి దిగు ద్రవ్యము క్రింది మొగ్గల పెరుగుదలను ఆపుచుండును. అందుచేతనే చెరకు నాటువారు గడను ముక్కలుగా కోయుదురు. దీని పేరు పుస్తకములో లేకున్నను దీని పని తోటలోని ముసలివారికి తెలిసియుండెను.

వినాయక చవితికి మట్టి విగ్రహమును పిల్లలచేతనే చేయించవలెను. కాల్చని మట్టి ముద్ద నొకటి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద నొకటి, సమానమైన బరువుగలవి, రెండు నీటి బకెట్లలో వేసి గంట గంటకు చూడుమనవలెను. మట్టి విడివడి అడుగునకు చేరును. రెండవది నీటితో కలిసియే గట్టిపడిన పదార్థము గనుక ఎన్నో దినములు అట్లే యుండును. ఏది లోతుతక్కువ సముద్రములోని పగడములపై పడవలసినదో పిల్లలే తేల్చుదురు. మనము ఉపన్యాస మీయ నక్కరలేదు.

ఇప్పుడు మాకు వినబడిన ఆక్షేపణలకు సమాధానము చెప్పుదుము. అన్నింటికంటె పెద్దది, చాలమంది పైకి చెప్పనిది, ఇది: 'మా తాత కత్తి పట్టి చెరకు నరికెను. మా తండ్రి చేతులు కాయలు కాచెను. మా బిడ్డ కలము పట్టవలెనని మేము కష్టపడుచున్నాము. మరల మట్టిలో చేతులు పెట్టింతురా?' ఈ మాట వెనుక నున్న బాధను మేము ఎరుగుదుము, మాదియు అదే వంశము. కాని మన పూర్వులను బాధించినది చేతిపని కాదు. ఆ పనిలో వారి బుద్ధికి చోటీయని పద్ధతియే వారిని బాధించినది. చేతికిని బుద్ధికిని విరోధము లేదని చెప్పుటకు మన ప్రక్క ద్వీపముననే నిదర్శనము గలదు.

నేడు రెయూనియన్ అనబడు బూర్బోన్ ద్వీపమునకు మెక్సికో దేశపు వెనిల్లా తీగను తెచ్చి నాటిరి. తీగ పెరిగెను, పూచెను, కాయ మాత్రము కాయలేదు. ఆ పువ్వును స్వదేశమున ఫలవంతము చేయు కీటకములు ఇచ్చట లేవు. పువ్వులో పుప్పొడికిని కీలాగ్రమునకును నడుమ ఒక పలుచని పొర అడ్డముగా నుండును. పువ్వు విచ్చియుండుట ఒక్క పూట మాత్రమే. ఐరోపాలో ఒక శాస్త్రజ్ఞుడు 1836లో చేతితో దానికి కాయ పుట్టించెను గాని, తోటలకు పనికివచ్చు సులభమైన పద్ధతి దొరకలేదు. 1841లో సెయింట్ సూజాన్ వద్ద తోటలో బానిసగా నున్న ఎడ్మండ్ ఆల్బియస్ అను పండ్రెండేండ్ల బాలుడు, సన్నని పుల్లతో ఆ పొరను లేవదీసి, బొటనవ్రేలితో పుప్పొడిని కీలాగ్రమునకు అదిమి కాయ పుట్టించెను. గుమ్మడి జాతి తీగకు చేతితో పుప్పొడి యంటించుటను యజమాని అతనికి అంతకుముందే చూపియుండెను. అక్కడ చూచినదానిని బాలుడు ఇక్కడ అన్వయించెను. అతనికి బడి చదువు లేదు. నేటికిని వెనిల్లా తోటలలో ఆ పద్ధతియే నడచుచున్నది. 1848లో అచ్చట బానిసత్వము రద్దయ్యెను. 1880లో అతడు పేదవాడుగనే మరణించెను. లోకము అతనికి చేసిన అన్యాయము వేరు సంగతి. తోటపని చేయు చేయి శాస్త్రము నెరుగదను మాట అతని చేతిలోనే పొల్లుపోయెను.

గాంధీ మహాత్ముడు 1901లో దక్షిణ ఆఫ్రికానుండి భారతదేశమునకు పోవుచు మన ద్వీపమున దిగి కొన్ని దినములుండెను, పిల్లలను చదివింపుడని మనవారికి చెప్పెను. అదే మహాత్ముడు 1937లో వార్ధాలో, చేతిపని మూలముననే చదువు చెప్పవలెనను విద్యాపద్ధతిని దేశము ముందుంచెను. ఆయన దృష్టిలో ఈ రెండు మాటలకును వైరుధ్యము లేదు. 1972లో మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు జిల్లాలో 16 గ్రామ పాఠశాలలలో, చుట్టుపట్ల దొరకు చౌక వస్తువులతో పిల్లలే ప్రయోగములు చేయు శాస్త్రబోధ మొదలై ముప్పది యేండ్లు నడచెను. మేము కొత్తగా కల్పించినది ఏదియు లేదు.

రెండవ ఆక్షేపణ మార్కులను గూర్చినది. ట్యూషనుకు పోవలసిన గంట ఇట్లు పోయినచో పరీక్ష మాటేమి యందురు. నెలకొక గంటవలన పరీక్ష చెడదు. కొలిచి వ్రాసిన పిల్లవాడు త్రైరాశికము, కోణములు, పటము చూచుట, వాక్యము కూర్చుట ఒక్కసారిగా అభ్యాసము చేయుచున్నాడు. ఇవన్నియు పరీక్షలోనివే.

మూడవది, తెలుగు తరగతిలో తెలుగు చెప్పక ఇదేమి యనునది. మాకు అన్నింటికంటె ఆశ కలిగించునది ఈ విషయమే. తొడిమ, ఈనె, పీచు, నార, రెమ్మ, బెరడు, మొలక అను మాటలను పలకమీద వ్రాయించిన మన పిల్లలకు అవి నిలుచుట లేదు. ఇంట క్రియోలు, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి వినబడుచుండగా తెలుగు మాటకు పట్టుకొమ్మ దొరకుట లేదు. పీచును వ్రేళ్ళతో ఒలిచినపుడు పీచు అను మాట వ్రేళ్ళకే యంటుకొనును. వస్తువుతోబాటు వచ్చిన మాట వస్తువుతోబాటే యుండును. మన భాష ఈ ద్వీపమున భజన పాటలలోను మంత్రములలోను మాత్రమే మిగులునో, పిల్లల రోజు మాటలలోను బ్రదుకునో ఇట్టి చిన్న పనులపై ఆధారపడియున్నదని మా నమ్మకము.

ప్రాంగణము పాడగునని కొందరు అర్చకులు శంకింతురు. చీపురును పిల్లలచేతికే యిచ్చినచో ఆ శంక తీరును.

కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. గన్నేరు పూజకు పనికివచ్చును గాని ఆకు, పువ్వు, కొమ్మ, అంతయు విషమే. ఉమ్మెత్తయు అంతే. వీనిని పిల్లల పనికి తీసికొనరాదు. సున్నము కంటిలో పడిన ప్రమాదము, కావున తేటనీటిని పెద్దలే పోసి యీయవలెను. నీడను చూడవలెను గాని సూర్యుని సూటిగా చూడరాదు. రాలిన ఆకును, రాలిన గింజనే ఏరవలెను. ఈ ద్వీపపు స్వంత అడవిలో మంచి స్థితియందున్న భాగము నేడు నూటికి రెండు పాళ్ళకంటె తక్కువగా మిగిలినది. 1992నుండి మన జాతీయ పుష్పమైన ట్రొషేషియా వంటి అరుదైన మొక్కలను చూచి, బొమ్మ గీచి రావలెను, త్రుంపరాదు. చెట్టును బాధించి నేర్చిన శాస్త్రము మనకు వలదు.

కావున మా సూచనలు ఇవి. ప్రతి నెల మొదటి ఆదివారము తెలుగు తరగతిలో ఒక గంటను ఇట్టి పనికి కేటాయింపుడు. సంక్రాంతికి నీడను, చవితికి మట్టిని, పెండ్లిండ్ల కాలమున పాలికలను, ఏ పండుగ వచ్చిన దానికి తగిన పనిని ఏర్పరుపుడు. వాక్వా ఆకుతో సంచులల్లగల అవ్వలు ఇంకను కొందరున్నారు. మన మొగలిజాతికి చెందిన ఆ చెట్టు ఆకులు మూడు వరుసలుగా మెలిదిరిగి పైకెక్కుటను, నేలకు దిగిన ఊతవేళ్ళను ఆ అవ్వలచేతనే చూపింపుడు. వారు ఉపాధ్యాయినులుగా కూర్చుండిననాడు మనుమలకు వారియెడ గౌరవము హెచ్చును. ప్రతి పిల్లకు ఒక నోటుపుస్తకమిచ్చి, తేదీ, ప్రశ్న, ఊహ, కొలత తెలుగులో వ్రాయింపుడు. ఉగాదినాడు ఆ పుస్తకములను సభలో నుంచుడు. బహుమానము అందమైన బొమ్మకుగాక, మంచి ప్రశ్న అడిగిన పిల్లకు ఈయుడు.

ఇందులకు కావలసినది ఒక కర్ర, కొంత దారము, గుప్పెడు గులకరాళ్ళు, పసుపు, రెండు మట్టిమూకుళ్ళు. సంఘ నిధినుండి పెద్ద మొత్తము అడుగుట లేదు. అడుగుచున్నది తల్లిదండ్రుల ఓర్పును మాత్రమే. పిల్లవాడు 'ఎందుకు?' అని యడిగినపుడు 'తెలియదు, రమ్ము, చూతము' అని లేచి వెంట నడచు తండ్రి ఆ యింటికి మొదటి గురువు. రానున్న సంక్రాంతినాడు, ఉదయపు పూజ ముగిసిన పిమ్మట, మీ పిల్లలను వెంటబెట్టుకొని 11 గంటలకే ఆలయ ప్రాంగణమునకు రండు. కర్రను మేము పాతియుంచెదము, గులకరాళ్ళను వారిచేత తెప్పింపుడు.